ప్రత్యర్థి హాజరు కావలెను

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మొన్న వేసవిలో ఊటీలో శిక్షణా శిబిరానికని వెళ్ళి, తిరిగొచ్చారు. వెళ్ళినందుకు కాదు నా బాధ.

అంతకుముందు ఆయన మామూలు మనిషి. కాకినాడలో ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసరు. పిల్లలకు ఆవిరి గురించీ బాయిలర్ల గురించీ చెప్పుకునేవారు. కాఫీ చల్లారితే "కాఫీ చల్లారింది" అనేవారు. నేను "అవును" అనేదాన్ని. సంసారం అలా సాఫీగా వెళ్ళిపోయేది. ఊటీలో ఎవరో పిలక జుట్టు శిక్షకుడు, మనిషిని కదిలించేది సమాచారం కాదు, కథ అని చెప్పాడట. అందరికంటే ముందు మా ఆయన కదిలిపోయారు.

వచ్చిన మర్నాడే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమోయ్, అనగనగా ఒక గ్లాసు ఉండేది."

"ఉండేదేమిటండీ, మీ చేతిలోనే ఉంది."

"ఆ గ్లాసుకు ఒక ఆశ. తనలోంచి పొగలు రావాలని."

"వేడి చేసి ఇవ్వనా?"

"కథ మధ్యలో అడ్డు రాకూడదు. ఇంకా అవరోధం దగ్గరకే రాలేదు."

అవరోధం, మలుపు దాటి ఆయన వెలుగు దగ్గరకు వచ్చేసరికి కాఫీ మీద మీగడ కట్టింది. ఇంకోరోజు మిక్సీ ఆగిపోయిందని చెబితే, "అలా పొడిగా చెప్పకు, ఆ మిక్సీతో నీ ప్రయాణం చెప్పు" అన్నారు. "మిక్సీ ఆగింది, పచ్చడి లేదు" అన్నాను. కాసేపు ఆలోచించి, ముగింపు బాగుందన్నారు.

పిచ్చి ఇంట్లో ఉన్నంతవరకూ ఇంటిదే. దానికి ఒక లెటర్‌హెడ్ దొరికిందంటే విధానమైపోతుంది. మా ఆయనకు దొరికింది. ప్రభుత్వంవారు ఉన్నత విద్యా కథన మండలి అని ఒకటి పెట్టి ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన డైనింగ్ టేబుల్ మీద పప్పు గిన్నె పక్కకు జరిపి మొదటి ఉత్తర్వు రాశారు.

"ఇందుమూలముగా సమస్త విశ్వవిద్యాలయములకు తెలియజేయడమేమనగా, ఇకమీదట ప్రతి ఇంటర్వ్యూలోనూ అభ్యర్థి తన జీవితమును నేపథ్యము, అవరోధము, మలుపు, వెలుగు అను నాలుగు అంగములతో వివరించవలెను. విషయ పరిజ్ఞానమునకు సంబంధించిన ప్రశ్నలు, సమయము మిగిలిన యెడల, అడగవచ్చును."

మన దేశంలో ఏ ఇంటర్వ్యూలో సమయం మిగిలింది గనక!

ఇంటర్వ్యూలతో మొదలైంది కదా, అక్కడే ఆగుతుందనుకున్నాను. మా ఆయన కాలేజీలోనే ఫిజిక్స్ లెక్చరరు ఒకాయన జ్వరం వచ్చి సెలవు చీటీ పంపితే, "జ్వరము తగ్గినది గానీ పాత్ర ఎదగలేదు" అని తిప్పి పంపారు. పాపం ఆయన మంచం మీద నుంచే రెండో చిత్తుప్రతి రాశాడు. హాస్టల్లో ఫ్యాను తిరగడం లేదని వార్డెన్ రాస్తే, "ఫ్యాను దృక్కోణము నుంచి కూడా ప్రయత్నించగలరు" అని సమాధానమొచ్చింది. కెమిస్ట్రీ పరీక్షలో ఓ పిల్ల, తెల్లటి పలక మీద ఒంటరిగా నిలబడ్డ ఫ్లాస్కు ఒక్కో చుక్కా పడుతుంటే ఎలా సిగ్గుతో గులాబీ రంగయిందో నాలుగు పేజీలు రాసింది. ఎంత ఆమ్లం పట్టిందో మాత్రం రాయలేదు. యూనివర్సిటీ ఫస్టొచ్చింది.

పరిశోధకుల బాధ వేరు. ప్రయోగం మొదటిసారే ఫలించినవాళ్ళకు "అవరోధము బలహీనము" అని మార్కులు కోశారు. దాంతో ఫలితం వచ్చినవాళ్ళంతా సిగ్గుపడి, ఎవరూ చూడకుండా పరికరాలు పాడుచేసుకుని మళ్ళీ మొదటికొచ్చారు.

కష్టాలకు గిరాకీ పెరిగాక కష్టాలు అమ్మేవాళ్ళూ పుట్టుకొచ్చారు. భానుగుడి జంక్షన్లో "కన్నీటి కోచింగ్ సెంటర్" అని బోర్డు పడింది. పేదరికం బ్యాచ్ ఉదయం, అనారోగ్యం బ్యాచ్ సాయంత్రం. మా పక్కింటి త్రిపురాంబ గారి అబ్బాయి ఉదయం బ్యాచ్‌లో చేరి, వానకు కారే పూరింట్లో చదువుకున్నానని చెప్పి లైబ్రరీలో ఉద్యోగం సంపాదించాడు. వాళ్ళది రెండంతస్తుల మేడ. తనిఖీకి వస్తున్నారని తెలిసి, డాబా మీద తాటాకు పాక వేయించి, మోటారు పెట్టి పైపుతో తడిపారు. తనిఖీవాళ్ళు లోపలికెళ్ళి, తడిసి, కళ్ళు తుడుచుకుని, "పూరింట్లో వైఫై బాగా వస్తోందే" అని మాత్రం అని వెళ్ళారు.

ఇది మా ఆయన చెవిన పడింది. కథల్లో అబద్ధమా అని ఆయన రెండురోజులు అన్నం సరిగా తినలేదు. మూడోరోజు పప్పు గిన్నె మళ్ళీ పక్కకు జరిగింది.

"అవరోధము మనిషియైన యెడల, సదరు ప్రత్యర్థి స్వయముగా హాజరై, సభాముఖమున, బిగ్గరగా, తాను తప్పు చేసినట్టు ఒప్పుకొనవలెను. ఒప్పుకోలు వినబడినదని రిజిస్ట్రారు ధ్రువీకరించిన పిమ్మటనే నియామకపు ఉత్తర్వు వెలువడును."

"ఎలా ఉంది?" అన్నారు.

"పప్పు చల్లారిపోయింది," అన్నాను.

ఆ నిబంధన వచ్చాక ఊళ్ళో అత్తగార్లకూ ఇంటి ఓనర్లకూ కాలు నిలవలేదు. మా వీధి చివర ఉండే లెక్కల మాస్టారు వియ్యన్న గారు రిటైరై ఇంట్లో ఈగలు తోలుకుంటూ ఉండేవారు. ఆయన, తను ఎన్నడూ చూడని పిల్లల్ని బెత్తంతో కొట్టినందుకు క్షమాపణలు చెప్పడానికి బస్సు పాసు తీసుకున్నారు.

ఇంతవరకూ నవ్వుకుంటూనే ఉన్నాను. మా అమ్మాయి ప్రసూనకు ఇంటర్వ్యూ కార్డు వచ్చేదాకా.

ప్రసూన వరి తెగుళ్ళ మీద డాక్టరేటు చేసింది. దానికి చేలో దిగి మచ్చ పడ్డ మట్ట చూస్తే, మిగతా ఆడపిల్లలకు పట్టుచీర చూసినట్టు ఉంటుంది. ఇప్పుడున్న కాంట్రాక్టు ఉద్యోగం నెలాఖరుతో ఆఖరు. గోదావరి అవతల విశ్వవిద్యాలయంలో దాని సబ్జెక్టులో ఒకే ఒక్క పోస్టు ఖాళీ అయింది. ఆ విశ్వవిద్యాలయాన్ని ఆనుకునే వాళ్ళ సొంత వరిచేలున్నాయి. అది రాకపోతే పురుగుమందుల కంపెనీలో చేరాలి. వాళ్ళు ఏసీ గదిలో కూర్చోబెట్టి, తెగులు గురించి కాకుండా డబ్బా మీద బొమ్మ గురించి ఆలోచించమంటారు. ఆ కంపెనీ ఉత్తరం దాని ఫోన్లో జవాబు కోసం ఎదురుచూస్తోంది.

ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చి, చెప్పులు విప్పకుండానే నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమడిగారే?"

"కథనాత్మక మూల్యాంకన సంచాలకులు నళినీకాంత్ గారని ఒకాయన ఉన్నారమ్మా. కళ్ళు మూసుకుని, 'చెప్పండి, మీ గాయం ఏమిటి?' అన్నారు. నాకు గాయాలేం లేవండీ, పాముపొడ తెగులు మీద పనిచేశాను అన్నాను. 'ఆహా, మీ జీవితంలో ఆ పాము ఎవరు?' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"పాము ఉండదండీ, మచ్చలే పాము ఒంటి మీద పొడలా ఉంటాయి అన్నాను. నిట్టూర్చారు. చదువుకు ఎవరూ అడ్డుపడలేదా అన్నారు. మా నాన్న స్కూటరు మీద దింపేవారు, స్పీడు బ్రేకర్లు తప్ప ఏమీ అడ్డు రాలేదన్నాను. అక్కడ పుండరీకాక్షయ్య గారున్నారమ్మా! వరి తెగుళ్ళంటే ఆయనే. నిపుణుడిగా పిలిచారు. ఒక్క ప్రశ్నయినా అడుగుతారని ఎంత ఆశపడ్డానో. ఆయన రెండుసార్లు నోరు తెరిస్తే, సమయం మిగల్లేదని బిస్కెట్ల ప్లేటు ఆయన ముందుకు జరిపారు."

"అయితే పోయినట్టేనా?"

"అదే చెబుతున్నా. చివరికి నళినీకాంత్ గారు, 'మీరు ప్రేమగా చేసుకున్నది ఎవరైనా ధ్వంసం చేశారా, ఏదైనా, ఎప్పుడైనా?' అని బతిమాలారు. పోనీలే అని, చిన్నప్పుడు సబ్బుపెట్టెల్లో అన్నం ముద్దలకు బూజు పెంచి నాన్న చొక్కాల వెనక దాస్తే, ఆయన పారేశారని చెప్పాను. నేను నవ్వుతూనే చెప్పానమ్మా. ఆయనా, పక్కనున్న ఇద్దరూ ఒకేసారి కలాలు తీశారు."

వారం తిరక్కుండా రిజిస్టర్డ్ పోస్టొచ్చింది. మా ఆయన పేరునే. సంతకం పెట్టి, కవరు చింపి, తన నిబంధనలు పాటించిన ఉత్తర్వు ఎలా ఉంటుందో చూద్దామని గట్టిగా చదివారు.

"అభ్యర్థిని బాల్యములో స్థాపించుకున్న తొలి ప్రయోగశాలను నిర్దాక్షిణ్యముగా ధ్వంసము చేసిన ప్రత్యర్థి, అనగా తండ్రి, కథనోత్సవమను నియామక సభకు హాజరు కావలెను. ఒప్పుకోలు లేని యెడల అభ్యర్థిని ఎంపిక రద్దగును."

కాగితం తిరగేసి వెనకవైపు చూశారు. అక్కడేమీ లేదు.

"నేనా ప్రత్యర్థిని?" అన్నారు. "ఎండల్లో దీన్ని పొలాల వెంట తిప్పిందెవరు? పురుగులు చూస్తే నాకు వాంతి వస్తుందని తెలిసి కూడా మైక్రోస్కోపు మోసిందెవరు?"

"అది కథకు పనికిరాదు కదండీ," అన్నాను. "అడ్డుపడితే చెప్పండి."

"నా తెల్లచొక్కాలన్నీ కంపు కొట్టాయి! ఆ రోజు ఎకడమిక్ కౌన్సిల్ మీటింగు! పక్కన కూర్చున్నవాడు లేచిపోయాడు!"

"అయ్యో, అయితే మీరే బాధితులన్నమాట. మీరూ ఓ ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చు."

ఆయన నావైపు చూసిన చూపు ఉప్పు లేని చారులా ఉంది. పొరపాటుగా అర్థం చేసుకున్నారని వివరణ రాస్తానని కూర్చున్నారు. రెండు ముక్కలు రాసి ఆగిపోయారు. ప్రత్యర్థి కాదని రాస్తే అవరోధం పోతుంది, అవరోధం పోతే ఎంపిక పోతుంది. ఆ సంగతి ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ తలుపు మూసి గడియ పెట్టింది ఆయనే.

ప్రసూన వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"నాన్నా, మీరు వెళ్ళొద్దు. నలుగురి ముందూ నిలబడి మా అమ్మాయి కలను చిదిమాననడమేంటి? నేను కంపెనీకి వస్తానని రాసేస్తాను. ఏసీ గది కూడా బాగానే ఉంటుంది."

"డబ్బా మీద బొమ్మ ఎలా ఉండాలంటావు?" అన్నారాయన.

"వంకాయ రంగులో ఉండాలట."

మా ఆయన దాని చేతిలోంచి ఫోను తీసి తన జేబులో వేసుకున్నారు. "ఆ రోజుకు నా బూడిదరంగు చొక్కా ఇస్త్రీ చెయ్యి," అని నాతో అన్నారు. "తెల్లది బాగోదు. ప్రత్యర్థులు తెల్లవి వేసుకోరు."

నాకు అప్పటికి నవ్వు ఆగిపోయింది.

కథనోత్సవం నాడు ఆ విశ్వవిద్యాలయం ఆడిటోరియం పెళ్ళిమండపంలా ఉంది. బంతిపూల దండలు, జంపఖానాలు, గుమ్మంలో పన్నీరు. ఎడమవైపు కుర్చీల మీద "ప్రత్యర్థులు" అని అట్ట కట్టారు. ఓ అత్తగారు, ఓ ఇంటి ఓనరు, ఓ మేనమామ బుద్ధిగా కూర్చున్నారు. వాళ్ళ మధ్య మా వియ్యన్న మాస్టారు! మా ఆయన్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చారు.

"రండి రండి. కొత్తగా చేరారా?"

"మా అమ్మాయి విషయంలో," అన్నారు మా ఆయన నీరసంగా.

"మొదటిసారి కాస్త కష్టంగా ఉంటుంది లెండి. 'క్షమించు తల్లీ' దగ్గర గొంతు దించండి. చేతులు జోడించేటప్పుడు మాత్రం మైకుకు తగలనీయకండి. మొన్న ఏలూరులో నాకు షాక్ కొట్టింది. ఏడ్చాననుకుని అందరూ లేచి నిలబడ్డారు."

నళినీకాంత్ గారు రెండు చేతులూ చాచుకుంటూ వచ్చారు. సన్నటి మనిషి, మెడలో ఉత్తరీయం, ప్రతి వాక్యానికీ ఒక విరామం.

"సార్! నిబంధన నిర్మాతే... ప్రత్యర్థిగా రావడం... కథన చరిత్రలో అపూర్వం. మీ ఒప్పుకోలు నేనే రాశాను. మీరు చదివితే చాలు."

చేతిలో పెట్టిన కాగితం నేనూ చూశాను. రెండు చోట్ల కుండలీకరణాల్లో "ఇక్కడ కన్నీరు" అని ఉంది.

పేరు పిలిచారు. వేదిక మీద ఒకవైపు నళినీకాంత్ గారు, ఇంకోవైపు బిస్కెట్ల ప్లేటు ముందు పుండరీకాక్షయ్య గారు, మధ్యలో ఉత్తర్వు కాగితం మీద పెన్ను పెట్టుకుని రిజిస్ట్రారు భుజంగరావు గారు. ఆయన అప్పటికే గడియారం వంకా, వెనక భోజనాల పందిరి వంకా చూస్తున్నారు. ప్రసూనను ఓ మూల నిలబెట్టారు. దాని ముఖం కందగడ్డలా ఉంది.

మా ఆయన కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టారు.

"నా కూతురు కన్న తొలి కలను... నేను నా పాదాల కింద నలిపివేసితిని." ఆగారు. "పాదాల కింద కాదండీ. చెత్తబుట్టలో."

"పాదాలే బాగుంటాయి సార్," అన్నారు నళినీకాంత్ గారు మెల్లగా.

"పాదాల కింద నలిపివేసితిని. ఆనాటి నుంచి ఆమె తన కన్నీళ్ళతోనే సూక్ష్మదర్శిని అద్దమును తుడుచుకొన్నది." మళ్ళీ ఆగారు. మూలకు తిరిగారు. "తుడిచావా అమ్మా?"

"లేదు నాన్నా. కన్నీళ్ళలో ఉప్పు ఉంటుంది. అద్దం పాడవుతుంది."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో ఏమిటి, నేనే. పుండరీకాక్షయ్య గారు బిస్కెట్టు ప్లేట్లో పెట్టేశారు.

"మరి దేంతో తుడుస్తావమ్మా?"

"స్పిరిట్ రెండు చుక్కలు వేసి, మెత్తటి కాగితంతోనండీ."

"ఊఁ. మన డెల్టాలో పాముపొడ మొదట ఎక్కడ పట్టుకుంటావు?"

"చేలో కాదండీ, ముందు గట్టు చూస్తాను. గట్టు మీది గడ్డిలో కాచుకుని ఉంటుంది. తర్వాత నీటిమట్టానికి కాస్త పైన మట్టల మీద చూస్తాను. దగ్గర దగ్గరగా నాటి, యూరియా దండిగా వేసిన చేనయితే ఇంకా త్వరగా దొరుకుతుంది."

"గట్టు మీది గడ్డి కోసేస్తే పోతుందా?"

"పోదండీ, తగ్గుతుంది. గింజల్లా గట్టిపడి మట్టిలోనూ ఉంటుంది. అదే నా పని." ప్రసూన మూలలోంచి ముందుకు వచ్చేసింది. సభ ఉందన్న సంగతి దానికి గుర్తులేదు. బంతిపూల దండలోంచి ఓ రెమ్మ తుంచి, మచ్చ ఎలా పైకి పాకుతుందో దాని కాడ మీద గోటితో గీసి చూపించింది. పుండరీకాక్షయ్య గారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. ఇద్దరూ ఆ కాడ మీదకు వంగి మాట్లాడుకుంటూనే ఉన్నారు. మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఆయన మాత్రం నోరు కొద్దిగా తెరిచి, చేతిలో కాగితం నలిపేస్తున్నది కూడా చూసుకోకుండా, కూతురి వంకే చూస్తున్నారు.

"భుజంగరావు గారూ, ఈ పిల్లను రేపే చేలోకి పంపండి," అన్నారు పుండరీకాక్షయ్య గారు.

నళినీకాంత్ గారు లేచారు. "క్షమించాలి. ఇందులో... వెలుగు ఎక్కడ? ప్రత్యర్థి కరగలేదు. ఒప్పుకోలు లేదు. ఎంపిక రద్దు చేయక తప్పదు."

భుజంగరావు గారు పందిరి వైపు నుంచి వచ్చిన గుత్తొంకాయ వాసన పీల్చి, మా ఆయన వైపు వంగారు.

"సార్, నిబంధన నా దగ్గరే ఉంది. ప్రత్యర్థి తప్పు చేసినట్టు ఒప్పుకోవాలని మాత్రమే రాశారు. ఏ తప్పో రాయలేదు. ఏదో ఒకటి ఒప్పుకోండి, సంతకం పెట్టేస్తాను. ఆకులు వేసేశారు."

మా ఆయన నలిగిన కాగితాన్ని జేబులో పెట్టుకున్నారు. ఎదురుగా ఎడమవైపు వరసలో అత్తగారినీ, ఇంటి ఓనర్నీ, వియ్యన్న మాస్టారినీ ఒకసారి చూశారు. గొంతు దించమని మాస్టారు సైగ చేశారు. ఆయన దించనక్కర్లేకుండానే గొంతు దిగిపోయింది.

"ఆ అన్నం పారేసినందుకు నాకేం బాధ లేదండీ. కంపు కొట్టింది. రేపు పెట్టినా పారేస్తాను. కానీ పని వచ్చినవాళ్ళను పని గురించి అడగక్కర్లేదు, ఏడిస్తే చాలని రాసింది నేనే. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఎవర్నీ అడక్కుండా రాశాను. ఈ పెద్దవాళ్ళందర్నీ చేయని తప్పులకు ఇక్కడ కూర్చోబెట్టిందీ నేనే."

భుజంగరావు గారు పెన్ను కాగితం దాకా తెచ్చి ఆపారు. "బిగ్గరగా అని ఉంది సార్."

మా ఆయన మైకును రెండు చేతులతో పట్టుకుని దగ్గరకు లాక్కున్నారు.

"తప్పు నాది," అన్నారు. బయట పందిట్లో వడ్డించేవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. "ఆ నిబంధన తప్పు. రాసిన నాదే తప్పు."